సాలూరు నుంచి శ్రీకాకుళానికి, ఒక గుక్క కోసం

ఉదయం ఆరుంబావు బస్సుకి సాలూరు కాంప్లెక్సులో ఎక్కేటప్పుడు నా చేతిలో మూడు సంచులున్నాయి. ఒకదాంట్లో బట్టలు. రెండోదాంట్లో ఆసుపత్రి కాగితాలు, మాత్రలు. మూడోది నడిచే వంటిల్లు అనుకోండి. ఫ్లాస్కులో చిక్కటి చోడి అంబలి, అంటే రాగి జావ, డబ్బాలో మెత్తగా మెదిపిన పెరుగన్నం, ముద్దపప్పు, రెండు చిన్న చెంచాలు, నాలుగు తువ్వాళ్ళు. నా వెనక కర్ర ఊతంతో ఒక్కో మెట్టూ ఎక్కుతున్నవాడు నా మొగుడు సింహాచలం. మేనత్త కొడుకు. పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే.

బావ ముప్పయ్యేళ్ళు లారీ నడిపాడు. సుంకి ఘాటు ఎక్కి ఒరిస్సా దాటి, అక్కణ్ణుంచి సరుకు ఎటు పొమ్మంటే అటు పోయేవాడు. తిరిగొచ్చి ఆ ఊళ్ళ సంగతులు చెబుతుంటే నేను మిషను ముందు కూచుని జాకెట్లు కుడుతూ వినేదాన్ని. విజయనగరం దాటి నేను చూసిన లోకమంతా ఆయన నోటి మీదుగా చూసిందే. అలాంటి మనిషికి మొన్న ఎండల్లో పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు కొంతవరకు తిరిగొచ్చింది. ఎడమ చెయ్యి ఇంకా వేలాడుతోంది. మాట ముద్దగా వస్తుంది గానీ నాకు అర్థమవుతుంది. అసలు కష్టం మింగడంలో వచ్చింది. నీళ్ళు, టీ, చారు, పలచగా ఉన్నదేదైనా సరే, కడుపులోకి పోకుండా ఊపిరి దారిలోకి పోతుంది. అప్పుడొచ్చే దగ్గు పగవాడికి కూడా వద్దు. ఒకసారి అలాగే నిమ్ము చేసి ఆసుపత్రిలో పడ్డాం. ముక్కులోంచి గొట్టం వేసి, దాంట్లోంచే పాలూ జావా పోశారు.

గొట్టం తీసేశాక మెత్తటి తిండి పెట్టుకుంటూ వచ్చాను గానీ మనిషి చిక్కిపోతూనే ఉన్నాడు. విజయనగరంలో చూసే డాక్టరు గారు మొన్న తూకం చూసి, ఇంకో రెండు వారాలు ఆగుదాం, బరువు ఇంకా తగ్గితే గొట్టం మళ్ళీ వెయ్యక తప్పదు అన్నారు. బయటికొచ్చాక బావ నా చెయ్యి పట్టుకుని, "ఎయ్యనివ్వకే పైడీ" అన్నాడు. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను బతిమాలడం అదే మొదలు.

శ్రీకాకుళంలో పక్షవాతం వచ్చినవాళ్ళకి ఆక్యుపంక్చర్ సూదులు వేసే డాక్టరమ్మ ఉన్నారని నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే టీచరమ్మ చెప్పింది. నేను వెంటనే నమ్మలేదు. విజయనగరం డాక్టరు గారికి ఫోన్ చేసి అడిగాను. "వెళ్ళండి, కొందరికి మేలు కనిపిస్తుంది. మాత్రలు మానకండి, మింగే ఎక్సర్‌సైజులు మానకండి" అన్నారు. ఆ రెండు షరతులూ చీర కొంగున ముడేసుకుని బయల్దేరాను.

బస్సులో కండక్టరు మా వీధివాడే. బావని చూసి, "ఏటి సింహాచలం బావా, ఇయ్యాల ఎనక సీట్లోకి వచ్చీసినావు" అన్నాడు. బావ సగం మూతితో నవ్వాడు. ఆధార్ కార్డు చూపిస్తే నాకు సున్నా టికెట్టు కొట్టిచ్చాడు. బావకి మాత్రం వంద లోపు అయింది.

"సూసినావా, నాకు ఉచితం, నీకే డబ్బులు" అన్నాను.

"ఆడోల్ల రాజ్యం" అన్నాడు బావ. ఆ రెండు మాటలకీ చాలాసేపు పట్టింది.

రామభద్రపురం దాటేదాకా మంచు. తర్వాత గజపతినగరం వైపు చేలల్లో కోతలు కనిపించాయి. బావ చేలు చూడ్డంలేదు. ప్రతి మలుపులోనూ కుడికాలితో నేలని నొక్కుతున్నాడు. బస్సు డ్రైవరు గేరు మార్చిన ప్రతిసారీ మొహం చిట్లిస్తున్నాడు. ఆ చిట్లింపు చూస్తే నాకు ధైర్యమొచ్చింది, మనిషి లోపల అలాగే ఉన్నాడు కదా అని.

ఎనిమిదింబావుకి విజయనగరంలో దిగి ఆటోలో రైల్వే స్టేషనుకి వెళ్ళాం. నేరుగా శ్రీకాకుళం బస్సులున్నాయి. కానీ ఆయనకి తిండి పెట్టాలంటే కుదుపు ఉండకూడదు. నడుం నిటారుగా ఉండాలి. అందుకని రైలు. ప్లాట్‌ఫారం బల్ల మీద కూచోబెట్టి అంబలి తీశాను. అర చెంచా నోట్లో పెట్టాలి, గడ్డం గుండెకి ఆనించి మింగాలి, ఖాళీగా ఇంకోసారి మింగాలి, ఒకసారి దగ్గాలి, అప్పుడు రెండో చెంచా. ఒక్క గ్లాసు అంబలికి అరగంట. పక్కన కూచున్నవాళ్ళు చూస్తుంటారు. బావ వాళ్ళకి వీపు పెట్టి స్తంభం వైపు తిరిగిపోయాడు. డాబా హోటళ్ళ ముందు మంచం మీద కూచుని పదిమందిని నవ్విస్తూ భోంచేసిన మనిషి. 

తొమ్మిదింబావుకి రావలసిన పలాస పాసింజరు పదింటికి వచ్చింది. టికెట్టు చవక, సీట్లు దొరికాయి. మా ఎదురుగా ఒక పెద్దామె, కాళ్ళ దగ్గర ఖాళీ సత్తు గిన్నెలు. కళింగపట్నం వైపు సముద్రపొడ్డున ఏదో ఊరంట. సంతలో ఎండుచేపలు అమ్ముకుని తిరిగి వెళుతోంది. నెల్లిమర్లలో జూట్‌మిల్లు పొగగొట్టాలు దాటేసరికే మా ఊరు, పేరు, పిల్లలెంతమంది, బావకి ఏమయింది, అన్నీ రాబట్టేసింది. మింగే సంగతి మాత్రం నేను చెప్పలేదు. బావ వింటున్నాడని ఆగాను.

గరివిడి దాటాక బావకి సొంత ఉమ్మే అడ్డం పడి దగ్గొచ్చింది. నేను సంచిలో తువ్వాలు కోసం వంగాను. తలెత్తేలోగా ఆమె లేచి, సీసా మూత తీసి, "తాగు నాయనా, గొంతు తడుపుకో, తాగీ" అంటూ నీళ్ళు నోట్లో పోసేసింది.

బావ మొహం వంకాయ రంగు తిరిగింది. కళ్ళు పైకి పోయాయి. నేను ముందుకి వంచి వీపు తడుతుంటే పెట్టెలో ఉన్న అందరూ లేచి, "నీల్లు పట్టండి, నీల్లు పట్టండి" అని తలో సీసా చాచారు. దగ్గేవాడికి నీళ్ళివ్వకుండా కూచోడం మా ప్రాంతంలో ఎవరికీ చేతకాదు. ఊళ్ళోకొచ్చిన కొత్తమనిషికి కూడా ముందు చెంబు అందించి తర్వాత పేరడిగే మనుషులం. ఆ మంచితనమంతా ఆ నిమిషాన బావ ప్రాణం మీదికొచ్చింది. "నీళ్ళొద్దు, ఎవరూ ఇవ్వకండి" అని గొంతు చించుకున్నాను.

చీపురుపల్లి వచ్చేసరికి ఊపిరి కుదుటపడింది. ఆ పెద్దామె సీట్లో ముడుచుకుపోయి ఏడుస్తోంది. "ఓలమ్మ, నా సేతుల్తో నేనే సంపీసీదాన్ని. నీల్లు పోస్తే పేనం లేస్తాదనుకున్నాను గాని పోతాదనుకున్నానా."

ముందొచ్చిన కోపం ఆ మాటకి నిలవలేదు. "నీ తప్పు కాదు పిన్నీ, ముందే చెప్పనిది నేను" అన్నాను. అక్కణ్ణుంచి ఆమె బావకి కాపలా కాసింది. బావ కాస్త గొంతు సవరించుకున్నా చాలు, చెయ్యి అడ్డంపెట్టి, "ఎవులూ నీల్లియ్యకండి, ఈయనికి పడవు" అని పెట్టెలోకి కొత్తగా ఎక్కినవాళ్ళని కూడా హెచ్చరించింది. పొందూరు స్టేషన్ వచ్చింది. ఆ ఊరి ఖద్దరు నేత కళ్ళారా చూడాలని, ఒక్క తానుముక్క వేళ్ళమధ్య పట్టుకుని చూడాలని కుట్టుపని చేసేదానికి నాకు ఎన్నాళ్ళ ఆశో. కిటికీలోంచి స్టేషన్ బోర్డు చూసి ఊరుకున్నాను. నాగావళి వంతెన దాటి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగేటప్పుడు బావ రెండో రెక్క ఆ పెద్దామే పట్టుకుంది.

అన్నీ సవ్యంగానే ఉన్నట్టు కనిపించింది గానీ బావ ఆ తర్వాత నోరు మూసేశాడు. పదిమంది మధ్య అలా అయ్యేసరికి సిగ్గుతో కుంగిపోయాడు. మధ్యాహ్నం పెరుగన్నం వద్దన్నాడు. సాయంత్రం అంబలి రెండు చెంచాలు తిని తల తిప్పేసుకున్నాడు.

స్టేషన్ నుంచి ఊళ్ళోకి ఆటోలో అరగంట. ఏడురోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో ఒక లాడ్జి చూసుకున్నాం. కింద అంతస్తులోనే గది, మెట్లు లేవు, స్నానాల గదిలో పట్టుకోడానికి కడ్డీ ఉంది. రోగులతో వెళ్ళేవాళ్ళు అద్దె సంగతి తర్వాత, ముందు ఈ మూడూ అడగండి. టిఫిన్ హోటల్ పక్కనే. ఇడ్లీ అక్కడ కొని, పప్పుతో మెదపడం గదిలో చేసుకునేదాన్ని.

మర్నాడు తొమ్మిదిన్నరకి ఆక్యుపంక్చర్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. నాకంటే కాస్త చిన్నదేమో, మెల్లగా మాట్లాడే మనిషి. కాగితాలన్నీ చదివి, రక్తం పలచబరిచే మాత్ర వేసుకుంటున్నారా అని మొదట అదే అడిగింది. సూదులు మా ఎదురుగానే కొత్త ప్యాకెట్టు చించి తీసింది. వెంట్రుకంత సన్నం. బావ ఆ ట్రే చూసి కుర్చీలో వెనక్కి జరిగాడు. చీకట్లో ఘాటు దిగే లారీకి బ్రేకు ఫెయిలయితే చలించని మనిషి ఇతనేనా అని నాకు నవ్వొచ్చింది.

"ఇంట్లో ఈవిడ సూదులు సాలవేటి" అని గొణిగాడు.

మెడ వెనక తల కింద రెండు వైపులా, గడ్డం కింద, గొంతుకి అటూ ఇటూ, చేతి మీద, కాలి మీద వేసింది. చురుక్కుమనడం చీమ కుట్టినంతే అని తర్వాత బావే చెప్పాడు. కొన్నిటికి చిన్న మిషను తీగలు తగిలించింది. అరగంట అలా ఉంచి తీసేసి, చుక్క రక్తం కనిపించిన చోట దూదితో చాలాసేపు అదిమి పట్టుకుంది. పక్క మంచం మీద నరసన్నపేట రైతు ఒకాయన ఉన్నాడు. పక్షవాతం తర్వాత భుజం నొప్పితో నెలలు నరకం చూశాడట. "ఇప్పుడు సొక్కా నేనే తొడుక్కుంతన్నాను బాబూ, బెంగెట్టుకోకు" అని బావకి ధైర్యం చెప్పాడు.

సూదులు తీశాక డాక్టరమ్మ మమ్మల్ని పక్కగదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ రేకు బల్ల, కుర్చీ, గోడకి అద్దం. "అమ్మా, సూది ఒక్కటే మింగించదు. సూది వేశాక గొంతు కాస్త వదులవుతుంది. ఆ వేళలోనే మింగడం సాధన చెయ్యాలి. ఈయన మింగనంటే నా సూదులు దండగ" అంది. ఉన్నమాట మొహానే చెప్పినందుకు ఆమె మీద నాకు గురి కుదిరింది. కానీ బావ మింగనన్నాడు. ఆ రోజూ మింగలేదు, మర్నాడూ మింగలేదు. చెంచా పెడితే బుగ్గలో దాచుకుని అద్దం వైపు కాకుండా గోడ వైపు చూస్తూ కూచుంటాడు. చివరికి తువ్వాల్లోకి ఉమ్మేస్తాడు. రాత్రి పడుకున్నాక ఆయన మెడ ఎముకలు చూస్తే నాకు గొట్టమే కళ్ళముందు ఆడేది.

మూడోరోజు నా ఓపిక అయిపోయింది. సూదులయ్యాయి, బల్ల ముందు కూచున్నాం, చెంచాడు అంబలి నోట్లో పెట్టాను. బుగ్గలో పెట్టుకుని గోడకేసి చూస్తున్నాడు. గడ్డం దించమన్నాను. దించాడు. మింగమన్నాను. చలనం లేదు. డాక్టరమ్మ బుజ్జగించి చూసింది. ఇంత దూరం వచ్చి, ఇన్ని తిప్పలు పడి, ఈయన పంతం కోసమా అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా ఉన్న రేకు బల్ల మీద అరచేత్తో దభీ దభీమని రెండు దెబ్బలు వేశాను.

బావ గొంతులో ముడి పైకి లేచి కిందికి దిగింది. అంబలి దిగిపోయింది. దగ్గు లేదు.

ముగ్గురం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. అందరికంటే ఎక్కువ బావే విస్తుపోయాడు.

లారీ వాళ్ళ ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. లారీ సందులోంచి పోతున్నా, వెనక్కి తీస్తున్నా క్లీనరు కింద నడుస్తూ బాడీ రేకు మీద అరచేత్తో కొడతాడు. ఒకటి కొడితే ఆగు. రెండు కొడితే పోనీ. డ్రైవరు ఆలోచించడు, చెవిన పడగానే కాలు పని చేస్తుంది. ముప్పయ్యేళ్ళు ఆ రెండు దెబ్బలకి పోనిచ్చిన మనిషి. నేను కోపంతో కొట్టాను, ఆయన అలవాటుకొద్దీ పోనిచ్చాడు.

డాక్టరమ్మకి సంగతి చెబితే, "భయపడి ఆలోచించేసరికి గొంతు బిగదీసేస్తున్నారు. ఆ చప్పుడికి ఆలోచన అడ్డం రాలేదు. ఇంకోసారి కొట్టండమ్మా" అంది. కొట్టాను. మింగాడు. ఊపిరి తీసుకోడానికి ఒక్క దెబ్బ. ఆగాడు. మళ్ళీ రెండు. అలా గిన్నె సగం ఖాళీ అయింది. బావ తువ్వాలుతో మూతి తుడుచుకుని నా వైపు చూశాడు.

"నాకిన్నాల్లకి మంచి కిలీనరు దొరికినాది."

నేను నవ్వుతూనే ఏడ్చాను. నోరు మూసేసిన ఆ మనిషి మళ్ళీ నన్ను వెక్కిరించాడు. దానికోసం బల్ల విరగ్గొట్టమన్నా విరగ్గొట్టేదాన్ని.

అక్కణ్ణుంచి రోజూ పొద్దున సూదులు, తర్వాత బల్ల దెబ్బలు, మధ్యాహ్నం సాయంత్రం గదిలో అదే పని. లాడ్జి మేనేజరు ఒకరోజు తలుపు కొట్టి, "ఏటమ్మా, గదిలో వడ్రంగం పనేటన్నా పెట్టినారేటి" అని అడిగాడు. విషయం చెప్పాక పక్కగది వాళ్ళకి తనే సర్దిచెప్పాడు. వారం తిరిగేసరికి దెబ్బలు మెల్లగా కొట్టినా సరిపోయేది. తర్వాత బావ గోడ వైపు తిరగడం మానేసి, నా ఎదురుగా కూచుని తినడం మొదలుపెట్టాడు. అన్ని రోజులూ బాగున్నాయని చెప్పను. ఒక సాయంత్రం మళ్ళీ పొలమారి, ఇద్దరం భయపడి, రాత్రంతా ఆయన ఊపిరి వింటూ మేలుకున్నాను.

చివరిరోజు డాక్టరమ్మ చిన్న గిన్నెలో మంచినీళ్ళు తెచ్చింది. చెంచాలో సగం పట్టి బావ నోట్లో పోసింది. నేను బల్ల మీద చెయ్యి వేసి ఉంచాను గానీ కొట్టే ధైర్యం చాల్లేదు. బావ కళ్ళు మూసుకుని, గడ్డం దించి, మింగాడు. ఖాళీగా ఇంకోసారి మింగాడు. డాక్టరమ్మ ఆయన గొంతు మీద వేళ్ళుంచి, మాట్లాడమంది, మాటలో తడి చప్పుడుందేమో అని.

"సప్పగున్నాది" అన్నాడు బావ.

ఎండల్లో మొదలై కోతలదాకా ఈయన గొంతు దిగని నీళ్ళు అవి. చప్పగా ఉన్నాయట. డాక్టరమ్మ కూడా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నీళ్ళు రోజుకి కొన్ని చెంచాలే, అదీ మనిషి దగ్గరుంటేనే, టీ ఇంకా చిక్కగా చేసే ఇవ్వాలి అని పదేపదే చెప్పి పంపింది.

మర్నాడు ఉదయం రైల్లోనే విజయనగరం వచ్చి, మధ్యాహ్నం డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. తూకం ఎక్కించేటప్పుడు నేను ముల్లు వైపు చూడలేక గోడ మీద క్యాలెండరు చూశాను. బరువు తగ్గలేదు, పిసరంత పెరిగింది. ఛాతీ విని, మింగించి చూసి, "గొట్టం సంగతి ఇప్పుడు వద్దు, నెల్లాళ్ళ తర్వాత కనిపించండి" అన్నారు. బావ ఆయనకి ఒంటిచేత్తోనే దణ్ణం పెట్టాడు.

ఈ దారిలో రావాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. పనిచేసింది సూదా, సాధనా, గడిచిన కాలమా, బల్లదెబ్బా అంటే నాకు తెలీదు. డాక్టరు గారూ ఇదని తేల్చి చెప్పలేదు. నరసన్నపేట రైతుకి తగ్గినంత మా బావ చేతికి తగ్గలేదు. చెయ్యి ఇంకా వేలాడుతూనే ఉంది. పెద్ద డాక్టర్ని అడిగే వెళ్ళండి, మాత్రలు ఆపమనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి, రైల్లో ఎదుటివాళ్ళకి నీళ్ళ సంగతి ముందే చెప్పేయండి.

నాలుగున్నర బస్సుకి సాలూరు బయల్దేరాం. మళ్ళీ నాకు సున్నా టికెట్టు, బావ కిటికీ పక్కన. ఊరు దాటడం వరకే నాకు గుర్తుంది.

మెలకువ వచ్చేసరికి బస్సు రామభద్రపురం దగ్గరుంది. నా తల బావ భుజం మీద ఉంది. ఆయన ఒళ్ళో అరటితొక్క.  బావ మొహం నా వైపు తిప్పుకుని, పెదాలు చూసి, ఊపిరి విని, "ఏటి తిన్నావు, ఎవరిచ్చారు, దగ్గొచ్చినాదా" అని కుదిపేశాను.

"రాలేదే" అన్నాడు. తర్వాత మెల్లగా, మాట మాట కూడదీసుకుని చెప్పాడు. గజపతినగరంలో బస్సు చాలాసేపు ఆగిందట. కిటికీ దగ్గర అరటిపళ్ళు అమ్ముతుంటే రెండు కొన్నాడట. ఒకటి పళ్ళతో ఒలుచుకుని, చిన్న చిన్న ముక్కలు కొరుక్కుని, గడ్డం దించుకుని తిన్నాడట. బస్సు కదలకముందే పూర్తిచేశాడట.

"నన్ను లేపకూడదా" అన్నాను. తిట్టడానికి ఇంకా చాలా మాటలు నోటిదాకా వచ్చాయి.

"పచ్చవాతం వచ్చినకాణ్ణుంచి నువ్వు సరిగ్గా నిద్దరోనేదు" అన్నాడు బావ. "లేపబుద్ది కానేదు."

 ఇన్ని నెలలూ ప్రతి ముద్దకీ నేను ఆయన గొంతు కనిపెట్టుకుని ఉన్నాను. ఆయన నా కళ్ళు కనిపెట్టుకుని ఉన్నాడని నాకు తెలియలేదు. రెండో పండు నా ఒళ్ళో పెట్టాడు. నేను తింటున్నంతసేపూ, గొంతుకేమయినా అడ్డం పడుతుందేమో అన్నట్టు, ఆయన నన్నే చూస్తూ కూచున్నాడు.